పాత పిస్తోళ్ళు: అంకెలు పలుకు సాక్ష్యము

మన దేశచరిత్రకు ఆధారమైన సామగ్రిలో తామ్రశాసనములకు పెద్దపీట గలదు. కరగించి అమ్మినచో ఒక రాగిరేకునకు వచ్చు ధనము స్వల్పము. దానిపై చెక్కిన నాలుగు పంక్తులవలననే అది అమూల్యమైనది. రాజు పేరు, సంవత్సరము, దానము పొందినవాని గోత్రము, పొలము ఎల్లలు చెరిగిపోయిన నాడు మిగులునది ఒట్టి రాగి మాత్రమే. భూమిపై హక్కు సంపాదింపగోరి దొంగశాసనములు పుట్టించినవారును పూర్వము లేకపోలేదు. అట్టివానిని పండితులు కూటశాసనములని పేర్కొని, లిపిని బట్టి, భాషను బట్టి, తిథివారముల పొందికను బట్టి పట్టుకొనుచున్నారు.

ఈ ప్రసంగమునకు విషయము పాత సైనిక పిస్తోళ్ళ సేకరణ, వాని క్రయవిక్రయములు. ఆయుధముల ముచ్చటలో రాగిశాసనముల ప్రసక్తి ఏలయని శ్రోతలు అడుగవచ్చును. ఐరోపా, అమెరికా ఖండములలో ఈ పిస్తోళ్ళను సేకరించువారు వానిని చదువు పద్ధతి మన శాసన పరిశోధకుల పద్ధతిని చాలవరకు పోలియున్నది. అచ్చటను విలువ లోహములో లేదు. లోహముపై కొట్టిన గుర్తులలో నున్నది. దొంగగుర్తులు పుట్టించువారును అచ్చట గలరు. ఈ సంగతిని స్పష్టపరచుటకు మేము ఒక్క పిస్తోలు కథను మాత్రమే ఎత్తుకొనుచున్నాము. అది జర్మను సైన్యము రెండు మహాయుద్ధములలో వాడిన లూగర్ పిస్తోలు.

1893లో హ్యూగో బోర్చార్ట్ అను జర్మను ఇంజనీరు, బెర్లిను నగరమందలి లుడ్విగ్ లోవే కర్మాగారములో, ఒక క్రొత్తరకపు పిస్తోలును రూపొందించెను. తూటా పేలినపుడు పుట్టు వెనుకతాకిడి బలముతోనే ఖాళీ గొట్టమును బయటకు నెట్టి, క్రొత్త తూటాను లోనికి తెచ్చుకొనుట దాని ప్రత్యేకత. ఇందులకై రెండు ఉక్కుముక్కలను కీలుతో కలిపి, మనిషి మోకాలివలె పైకి మడగునట్లు అమర్చిరి. ఊహ గొప్పదే కాని వస్తువు చేతికి ఇమడలేదు. వెనుకకు పొడుచుకొని వచ్చిన స్ప్రింగు పెట్టె వలన అది మోటుగా నుండెను. సుమారు మూడువేలు మాత్రమే తయారైనవి.

ఆస్ట్రియా దేశపు టిరోల్ ప్రాంతమున 1849లో జన్మించిన గియోర్గ్ లూగర్ అదే సంస్థలో పనిచేయుచుండెను. అతడు ఆ స్ప్రింగును పిడిలోనికి దించి, పిడిని ఏటవాలుగా వంచి, పిస్తోలును అరచేతికి ఒదుగునట్లు తీర్చిదిద్దెను. 1900లో స్విట్జర్లండు సైన్యము దానిని స్వీకరించెను. 1904లో జర్మను నౌకాదళమును, 1908లో జర్మను పదాతిసైన్యమును ఆ దారినే నడిచినవి. 1908లో స్వీకరింపబడుటచే దానికి పి. 08 అని సైనికనామము కలిగినది. 1896 నుండి డి.డబ్ల్యు.ఎం. అని పేరు మార్చుకొనిన ఆ సంస్థ తంతి చిరునామా పారాబెల్లమ్. శాంతిని కోరువాడు యుద్ధమునకు సిద్ధపడవలెనని చెప్పు లాటిను సామెతలోనిది ఆ మాట. ఈ పిస్తోలుకై లూగర్ రూపొందించిన 9 మిల్లీమీటర్ల తూటాకు నేటికిని ప్రపంచమంతట అదే పేరు నిలిచియున్నది.

ఇక గుర్తుల సంగతి. ఆనాటి యంత్రములు ఎంత నేర్పుగలవైనను, ఒక పిస్తోలు భాగము మరియొక పిస్తోలులో అతికినట్లు కూర్చుండునంత నికరముగా పని చేయలేదు. చివరకు పనివాడు ఆకురాయి పట్టుకొని, రాచి, సరిచూచి, మరల రాచి, ఒక్కొక్క భాగమును దాని జతతో కుదుర్చవలసియుండెను. ఇట్లు కుదిర్చిన భాగములను మెరుగుపెట్టుటకు, రంగు ఎక్కించుటకు పంపినపుడు అవి కలిసిపోవు ప్రమాదము గలదు. కావున ముఖ్యభాగములపై పూర్తి క్రమసంఖ్యను, చిన్న చిన్న భాగములపై ఆ సంఖ్యలోని చివరి రెండంకెలను ఉక్కు అచ్చుతో కొట్టెడివారు. తూటాలు నింపు మాగజీనుపై కూడ అంకెలు పడెడివి. ఇది కేవలము కర్మాగారపు అవసరము. నూరేండ్లకు పిమ్మట తమ అంకెలను భూతద్దములతో పరీక్షించువారు పుట్టుదురని ఆ పనివారు కలనైన తలచియుండరు.

1910 నుండి సైన్యమునకు చేసిన పిస్తోళ్ళపై, తూటా నిలుచు అరకు మీది భాగమున, తయారైన సంవత్సరమును కూడ ముద్రించిరి. ఏటేట క్రమసంఖ్య మరల ఒకటితో మొదలగును. పదివేలు నిండగానే ఒక అక్షరము చేరును. కావున సంఖ్య ఒక్కటి తెలిసినంత మాత్రమున పిస్తోలును గుర్తింపజాలము. సంవత్సరము, అక్షరము, కర్మాగారపు ముద్ర అన్నియు కూడినపుడే దాని చిరునామా పూర్తియగును. డి.డబ్ల్యు.ఎం. సంస్థతోపాటు ఎర్ఫుర్ట్ నగరమందలి ప్రభుత్వ ఆయుధశాలయు వీనిని చేసినది. ఆ శాల పిస్తోళ్ళపై రాజకిరీటము, దాని క్రింద ఊరి పేరు కానవచ్చును. కొన్నింటి పిడి ముందువైపున ఏ పటాలమునకు చెందినదియు పొడి అక్షరములలో చెక్కియుండెడిది. 1914లో ఫ్రాన్సు యుద్ధరంగమునకు చేరిన మన భారత సైనికులకు ఎదుట నిలిచిన జర్మను సేన చేతిలో నున్న పిస్తోలు ఇదియే.

యుద్ధము ముగిసి 1919లో వెర్సేల్స్ సంధి కుదిరినది. జర్మను సైన్యము లక్ష మందికి కుదింపబడెను. ప్రజల చేతులలోనికి జారిపోయిన ఆయుధములను రాబట్టుచున్న ఆ దినములలో, ప్రభుత్వపు సొత్తును వేరుగా గుర్తించుటకు పాత పిస్తోళ్ళపై 1920 అను అంకెలను అదనముగా కొట్టిరి. అందువలన ఒకే పిస్తోలుపై 1917 అనియు, 1920 అనియు రెండు సంవత్సరములు కానవచ్చును. ఎరుగనివాడు పొరపాటనుకొనును. ఎరిగినవానికి, ఓడిన రాజ్యము తన ఆయుధములను లెక్కపెట్టుకొనిన కథ ఆ రెండంకెల నడుమ కనబడును.

1930లో ఈ పిస్తోళ్ళ తయారీ ఒబెర్న్‌డార్ఫ్ పట్టణమందలి మౌజర్ కర్మాగారమునకు మారినది. జర్మనీ సంధి షరతులను దాటి రహస్యముగా ఆయుధములు పెంచుకొనుచున్న కాలమది. కావున కర్మాగారము పేరు దాచి దాని స్థానమున ఎస్ 42 అను సంకేతమును వేసిరి. సంవత్సరమును సహితము దాచి, 1934కు కె అను అక్షరమును, 1935కు జి అను అక్షరమును వాడిరి. దాపరికము అవసరము లేదని తోచిన పిమ్మట 1936 నుండి సంవత్సరము మరల అంకెలలోనికి వచ్చినది. ఒక రాజ్యము ఎప్పుడు భయపడినదియు, ఎప్పుడు భయము విడిచినదియు అరచేతిలో ఇమడు ఈ ఇనుపముక్క నుండి చదువవచ్చును. వేలకొలది పిస్తోళ్ళను ప్రక్కప్రక్కన పెట్టి చూచి, ఏ సంకేతము ఏ యేటిదియు పట్టికలు వేయుటలో ఈ సేకరణకర్తలకు పెద్ద పాలు గలదు. వీరిలో పెక్కుమంది విశ్వవిద్యాలయముల గడప త్రొక్కినవారు కారు. ఉద్యోగములు, వర్తకములు చేసికొనుచు తీరిక వేళల ఈ పనికి పూనుకొనినవారు.

లూగర్ పిస్తోలు చూడ చక్కనిదే కాని చేయుటకు ఖరీదైనది. అందుచే 1938లో జర్మను సైన్యము వాల్టర్ సంస్థవారి క్రొత్త పిస్తోలును స్వీకరించెను. 1942లో సైన్యమునకై లూగర్ తయారీ ఆగిపోయినది. అప్పటికి తయారైనవి ఇరువది లక్షలకు మించియున్నవి. వస్తువు అరుదైనది కాదు. మరి దానికై ఇంతటి వెల ఎట్లు కలిగినది?

1945లో జర్మనీ లొంగిపోయినపుడు ఈ పిస్తోళ్ళు గుట్టలుగా పోగుపడెను. అమెరికా సైనికుడు ఇంటికి కొనిపోదగిన జ్ఞాపికలలో దీనికి సాటి వేరొకటి లేదని పేరు. పై అధికారి సంతకముతో, ఇది శత్రువునుండి పట్టుబడిన వస్తువు, దీనిని దగ్గర ఉంచుకొనవచ్చును అని తెలుపు ఒక కాగితము పుచ్చుకొని, సైనికుడు దానిని స్వదేశమునకు చేర్చెడివాడు. పిస్తోలు బీరువాలో చేరెను. కాగితము ఏ పెట్టె అడుగుననో చేరెను. ముప్పది నలువది ఏండ్లకు ఆ సైనికుడు కాలము చేయును. పిల్లలకు ఆ వస్తువుపై మమకారము లేదు, లేదా పంపకములకై సొమ్ము కావలెను. పిస్తోలు వర్తకుని యొద్దకు పోవును. కాగితము చెత్తబుట్టలోనికి పోవును. నేడు అదే కాగితము పిస్తోలుతో కలిసియున్నచో వెల గణనీయముగ హెచ్చును. తండ్రి మాటలను ఒక్కసారి వ్రాసిపెట్టుకొనని కుటుంబములు చరిత్రను మాత్రమే కాదు, సొమ్మును కూడ పోగొట్టుకొనుచున్నవి.

ఈ వర్తకములో ఒక నానుడి గలదు: వస్తువును కొనుము, కథను కొనకుము. ఏలయన, ప్రతి పిస్తోలునకు ఒక వీరగాథ తగిలించి అమ్ముట పరిపాటి. ఎవరో సేనానితో ముఖాముఖి తలపడి గెలుచుకొన్నదని తండ్రి చెప్పెడివాడట. నిజమునకు, పెక్కు పిస్తోళ్ళు లొంగుబాటునాటి గుట్టలనుండి ఏరుకొన్నవే. కొన్ని చనిపోయినవాని నడుమునుండి విప్పుకొన్నవి. రెండవ సంగతి చెప్పుకొనుటకు ఎవరికిని నోరు రాదు.

అంకెలన్నియు సరిపోలిన పిస్తోలునకు మంచి వెల. ఒక్క చిన్నభాగము అంకె తేడా పడినచో వెల పడిపోవును. కాని యుద్ధభూమిలో మీట విరిగినపుడు మరమ్మతుదారు వేరొక మీటను తెచ్చి అమర్చి, అదే పిస్తోలును సైనికుని చేతికి ఇచ్చెడివాడు. కొందరు సైనికులు కలిసి కూర్చుండి తుడుచుకొనునపుడు భాగములు తారుమారు కావచ్చును. ఇట్టి పిస్తోలు పని చేసిన పిస్తోలు. దాని అతుకు కూడ చరిత్రయే. విపణి ఆ అతుకును లోపముగా లెక్కించుటచేత, కొందరు అమ్మకందారులు పాత అంకెను రాచివేసి, సరిపోలు క్రొత్త అంకెను కొట్టుచున్నారు. చెదరిన నీలిపూతను తీసివేసి క్రొత్తపూత వేయుచున్నారు. కొన్నింటిపై ప్రసిద్ధ పటాలముల ముద్రలను, నాజీ దళముల చిహ్నములను చెక్కి వెల పెంచుచున్నారు. కూటశాసనము పుట్టించినవాడు లేని దానమును కల్పించెను. వీడు ఉన్న సాక్ష్యమును చెరిపి లేనిదానిని నిలుపుచున్నాడు. రెండింటిలో ఇదియే పెద్ద దోషమని మా అభిప్రాయము. ఏలయన, చెరిగినది మరల రాదు.

మోసమును పట్టుకొను మార్గములును లేకపోలేదు. పాత పద్ధతిలో మీట, మాగజీను నొక్కుబొత్తాము వంటి చిన్నభాగములకు వేడిమిచే ఎండుగడ్డి రంగు తెప్పించెడివారు. 1937 ప్రాంతమున ఆ పద్ధతి మాని వానికి కూడ నీలిపూతయే వేసిరి. కావున 1940 నాటి పిస్తోలున ఎండుగడ్డి రంగు కానవచ్చినను, 1916 నాటిదానిలో అది కానరాకున్నను సందేహింపవలెను. అచ్చు కొట్టినపుడు అంకె చుట్టును లోహము కొంచెము పొంగును. మెరుగుపెట్టు చక్రము తగిలినచో ఆ అంచులు మొద్దుబారును. వస్తువంతటను అరుగుదల కనబడి, అంకెలు మాత్రము పదునుగా నున్నచో అదియు సందేహకారణమే. రెండవ యుద్ధములో సోవియట్ సేనకు చిక్కిన వేలాది పిస్తోళ్ళను ఊడదీసి, శుభ్రపరచి, మరల కూర్చునపుడు అంకెలను పాటింపలేదు. 1990 తరువాత అవి విపణిలోనికి వచ్చినవి. వానిపై గంటు వలె ఇంటూ గుర్తు ఒకటి యుండును. అది దాచిపెట్టి అమ్మినవాడు మోసగాడు. చెప్పి అమ్మినవాడు చరిత్రను కాపాడినవాడు.

గ్రద్ద ముద్ర కథ మరింత చిత్రమైనది. 1901లో అమెరికా సైన్యము పరీక్షించుటకు 1,000 లూగర్ పిస్తోళ్ళను కొనెను. వానిపై అమెరికా రాజచిహ్నమగు గ్రద్ద ముద్ర గలదు. పరీక్షలు ముగిసిన పిమ్మట వానిని మిగులు సరుకుగా అమ్మివేసిరి. కాని అమెరికా ప్రజలకు అమ్మిన మామూలు పిస్తోళ్ళపైనను అదే గ్రద్దను ముద్రించిరి. కావున గ్రద్దను చూచి మురియరాదు. సైన్యము కొనిన క్రమసంఖ్యల శ్రేణిలో అది ఉన్నదో లేదో చూడవలెను. 1907 నాటి అమెరికా పరీక్షలకై లూగర్ .45 అంగుళముల తూటాకు సరిపడు పిస్తోళ్ళను కొద్దిగ చేసెను. డి.డబ్ల్యు.ఎం. ఆ పోటీనుండి వైదొలగినది. 1911లో కోల్ట్ సంస్థవారి పిస్తోలు స్వీకరింపబడినది. మిగిలియున్న అట్టి లూగర్ ఒకటి 1989లో పదిలక్షల డాలర్లకు చేతులు మారినదని ప్రసిద్ధి. అదియే 2010 నాటి వేలములో సుమారు ఐదు లక్షల డాలర్లకు పోయెను. వస్తువు మారలేదు, అంకె మారలేదు. మనుజుల కోరిక మాత్రము మారినది. సేకరణను పెట్టుబడిగా భావించువారు గుర్తుంచుకొనదగిన సంగతి ఇది.

ఇవి ఎంత పాతవైనను ప్రాణము తీయగల వస్తువులు. అందుచే ప్రభుత్వములు ఊరకుండవు. అమెరికాలో 1968 నాటి చట్టము తరువాత ఆయుధ వర్తకమునకు కట్టుదిట్టములు హెచ్చినవి. ఏబది ఏండ్లు దాటిన ఆయుధములను సేకరించువారికి అచ్చట ప్రత్యేక అనుమతిపత్రము గలదు. కొనినది, అమ్మినది తేదీలతోసహా బౌండు పుస్తకములో వ్రాసియుంచుట వారి విధి. చట్టము భద్రతకై అడిగిన ఈ పుస్తకము చరిత్రకును మేలు చేయుచున్నది. బ్రిటనులో 1996 మార్చిలో డన్‌బ్లేన్ పాఠశాలలో ఒక దుండగుడు పదునారుగురు పసిపిల్లలను, ఒక ఉపాధ్యాయినిని కాల్చి చంపెను. 1997లో చేతితుపాకులు నిషేధింపబడినవి. లక్షా అరువది వేలకు పైగా తుపాకులను ప్రజలు అప్పగించిరి. చారిత్రక ప్రాముఖ్యము గలవానికి చట్టము కొంత వెసులుబాటు ఉంచినది. ఆ తల్లిదండ్రుల దుఃఖము ముందు సేకరణకర్తల వాదము చిన్నదని మేము నిస్సంకోచముగ చెప్పగలము. అయినను, ముద్రలను చదివి, చిత్రించి, వివరములు వ్రాసికొనిన పిమ్మట కరగించుట వేరు. చూడకయే కొలిమిలో వేయుట వేరు.

మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము అమలులోనున్నది. పురాతన విలువ గలిగి, మరమ్మతు చేసినను చేయకున్నను కాల్చుటకు పనికిరాని ఆయుధములను ఆ చట్టము 45వ సెక్షను మినహాయించినది. కాల్చగల పిస్తోలు ఎంత పాతదైనను లైసెన్సు లేక ఉంచుకొనుట నేరము. 9 మిల్లీమీటర్ల పిస్తోలు మన నిబంధనలలో నిషిద్ధ తరగతికి చెందినది. 2019 సవరణతో ఒక వ్యక్తి ఉంచుకొనదగిన ఆయుధముల సంఖ్య మూడునుండి రెండునకు తగ్గినది. కావున మన ఇండ్లలో తాతలనాటి ఆయుధము ఏదైన బయటపడినచో మొదట చేయవలసినది దానిని తుడుచుట కాదు, అమ్మజూపుట కాదు. చట్టప్రకారము అధికారులకు తెలియజేయుట. రెండవది, అది ఇంటికి ఎట్లు వచ్చెనో పెద్దలు ఎరిగినంత వరకు ఒక కాగితముపై వ్రాసి, తేదీ వేసి, సంతకము చేయుట. హైదరాబాదు సాలార్‌జంగు మ్యూజియములో ఆయుధముల వరుసల ముందు నిలిచినవారికి ఈ మాట సులభముగ బోధపడును. కత్తి ప్రక్కన చిన్న చీటి ఉన్నప్పుడు మనము ఆగి చూతుము. చీటి లేనిచో అది పదింటిలో పదునొకండవది.

పాత పిస్తోలు అమ్ముట తప్పని మేము అనుటలేదు. చేతులు మారకున్న ఈ వస్తువులలో పెక్కు తుప్పుపట్టి మట్టిలో కలిసియుండెడివి. వానిని గురించిన శాస్త్రమును పుట్టియుండెడిది కాదు. కాని అమ్మువాడు తాను కేవలము ఇనుమును అమ్మువాడను కానని ఎరుగవలెను. అతని చేతిలోనున్నది ఒక పత్రము. దానిలో నచ్చని పంక్తిని చెరిపివేయు హక్కు అతనికి లేదు. విరిగిన మీటను విరిగినదని, మారిన అంకెను మారినదని, తెలియని చరిత్రను తెలియదని చెప్పి అమ్మవలెను. అందువలన కొంత సొమ్ము తగ్గవచ్చును.

ఆ పిస్తోలుపై సంవత్సరము గలదు, కర్మాగారము గలదు, ఒక్కొక్కప్పుడు పటాలము గలదు. దానిని మోసిన సైనికుని పేరు మాత్రము లేదు. దాని ఎదుట పడినవాని పేరు అసలే లేదు. ఆ ఇరువురిని గురించి మనకు మిగిలిన సాక్ష్యము ఆ కొద్దిపాటి అంకెలే. లాభమునకై వానిని రాచివేయుట ఆ మృతులకు మిగిలిన చివరి గురుతును తుడిచివేయుటయే యగును.